హాజరు పట్టీలో ఉన్న ఊళ్లు

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. ముప్పై ఏళ్లుగా పీరియడు గంట కొట్టేదాకా ఆగని నోరు ఇది. కొంచెం అటూ ఇటూ అయితే క్షమించాలి.

నాకు ఇచ్చిన అంశం మన సొసైటీ నడుపుతున్న విద్యార్థుల యాత్ర. నంద్యాల, ఆళ్లగడ్డ సర్కారు బడుల్లో తొమ్మిదో తరగతి పిల్లలను గండికోట, కడప, పెనుకొండ, నెల్లూరు వైపు బస్సులో తీసుకుపోయి చూపించే కార్యక్రమం. ఈ ఏడు కార్యవర్గంలో ఒక మాట వచ్చింది. బస్సు బాడుగకు పెట్టే డబ్బు కూడా ఫీజుల నిధిలో వేస్తే ఇంకొందరు పిల్లలకు సాయం అందుతుంది కదా అని. ఆ మాట అన్నవాళ్లు నాకు ఆప్తులు. తేలిగ్గా తీసెయ్యదగ్గ మాట కూడా కాదు. అందుకని ఈ యాత్రలో పిల్లలు ఏం చూస్తారో, ఎందుకు చూడాలో మీ ముందు పెడతాను. డబ్బు మీది, నిర్ణయమూ మీదే.

నేను ఆళ్లగడ్డలో సాంఘిక శాస్త్రం చెబుతాను. మా హాజరు పట్టీ తెరిస్తే ఇట్లా ఉంటుంది. దస్తగిరి, మహబూబ్ బాషా, జీలాన్ బాషా, ఖాజా మొయినుద్దీన్, మస్తాన్ వలి, నాగూర్ బీ, బాబాఫక్రుద్దీన్, మదార్ బీ, హుసేన్ పీరా. వీళ్ల నడుమ ఓబులేసు, మద్దిలేటి, మహానంది. ఒకరోజు హాజరు పిలుస్తుంటే ఒక పిల్లవాడు లేచి అడిగాడు. "సార్, ఓబులేసు పేరు అహోబిలానిది. మద్దిలేటిది బేతంచెర్ల పక్క కొండది. మహానంది పేరే ఊరు. మరి నా పేరు ఏ ఊరిది సార్?" వాడి పేరు దస్తగిరి.

అహోబిలం మా బడి నుంచి ఆటో దూరం. దస్తగిరి పేరులో ఉన్న ఊరు బాగ్దాద్.

దస్తగిర్ అంటే ఫారసీలో చేయి పట్టుకునేవాడు. షేక్ అబ్దుల్ ఖాదిర్ జీలానీకి ఉన్న బిరుదుల్లో అదొకటి. ఆయన 1166లో బాగ్దాద్‌లో కన్నుమూశారు, సమాధి అక్కడే ఉంది. మహబూబ్ సుబ్హానీ అన్నా ఆయనే. గౌస్ అన్నా ఆయనే. జీలానీ అన్నా ఆయనే. ఈ సంగతి చెప్పేసరికి క్లాసులో దస్తగిరి, మహబూబ్ బాషా, గౌస్, జీలాన్ బాషా నలుగురూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. నాలుగు బెంచీల్లో కూర్చున్న నాలుగు పేర్లూ ఒకే మనిషివి! అందులో జీలాన్ అనేది ఊరి వైపు పేరు. కాస్పియన్ సముద్రం దక్షిణపు ఒడ్డున ఇరాన్‌లో గిలాన్ అనే ప్రాంతం ఉంది. పట్టుకు పేరుపడ్డ నేల. అరబ్బు నోట గిలాన్ జీలాన్ అయింది. ఆ మాట ఎంత దూరం నడిచి వచ్చి కోవెలకుంట్ల పల్లెలో ఒక పిల్లవాడి పేరయిందో చూడండి.

ఆయన కుర్రతనంలో చదువు కోసం బాగ్దాద్ బయలుదేరితే, తల్లి అంగీ లోపల నలభై దీనార్లు కుట్టి పంపిందనీ, దారిలో దొంగలు అడిగితే ఉన్నమాట చెప్పాడనీ మన ఇళ్లలో అందరూ చెప్పే కథే. నిజం పలకడం గురించి చెబుతాం, మంచిదే. నేను పిల్లలను వేరే ప్రశ్న అడుగుతాను. ఆ పిల్లవాడు ఒంటరిగా ఎందుకు పోలేదు? వర్తకుల బిడారుతోనే ఎందుకు పోయాడు? ఎందుకంటే దారి వర్తకులది. నీళ్లెక్కడ దొరుకుతాయో, రాత్రి ఏ సరాయిలో దిగాలో, ఎవరికి సుంకం కట్టాలో వాళ్లకే తెలుసు. చదువుకోబోయే పిల్లవాడు, హజ్జుకు పోయే ముసలాయన, గుర్రాలు అమ్ముకునే షావుకారు ఒకే బిడారులో నడిచేవాళ్లు. మన పుస్తకాల్లో వర్తక మార్గాలు ఒక పాఠం, మతాలు ఇంకో పాఠం. దారి మీద మాత్రం అవి రెండూ ఒకటే.

మా యాత్ర ఆలోచన అక్కడ పుట్టింది. బాగ్దాద్ చూపించలేం. ఆ దారి మన దాకా వచ్చిన గుర్తులు మాత్రం బస్సు దూరంలో చాలా ఉన్నాయి.

మొదటి మజిలీ గండికోట. ఆళ్లగడ్డలో తెల్లవారకముందే బయలుదేరి చాగలమర్రి, ప్రొద్దుటూరు మీదుగా జమ్మలమడుగు చేరతాం. పెన్నా నది ఎర్రమల కొండను కోసుకుంటూ పోయిన ఆ లోయను పిల్లలు ముందు చూస్తారు. సెల్‌ఫోన్లు బయటికి తీస్తారు. కాసేపు వదిలేస్తాం. ఆ తరవాత జామియా మసీదు మెట్ల మీద కూర్చోబెట్టి పాఠం. ఎదురుగా ధాన్యపు కొట్టు, అవతల రంగనాథుని గుడి, మాధవరాయుని గుడి. ఒక్క చోట నుంచి ఇన్ని కనిపించే క్లాస్‌రూము నాకు ఇంకోటి దొరకలేదు.

1652లో తవెర్నియే అనే ఫ్రెంచి నగల వర్తకుడు మచిలీపట్నంలో ఓడ దిగి, మద్రాసు మీదుగా ఈ కోటకు వచ్చాడు. గోల్కొండ సుల్తానుకు నగలు చూపించాలంటే ముందు ఆయన మంత్రి మీర్ జుమ్లాకు చూపించాలి. మంత్రి అప్పుడు ఇక్కడ ఉన్నాడు. కోటను పట్టుకుని ఎంతో కాలం కాలేదు. మీర్ జుమ్లా ఎవరనుకున్నారు? ఇరాన్‌లో ఇస్ఫహాన్ దగ్గరి అర్దిస్తాన్‌లో ఒక నూనె వర్తకుడి కొడుకు. నాలుగు అక్షరాలు వచ్చు గనక ఒక వజ్రాల వర్తకుడి దగ్గర గుమాస్తాగా కుదిరి ఆ పని మీద గోల్కొండ వచ్చాడు. తరవాత సొంతంగా వజ్రాల వ్యాపారం, సొంత ఓడలు, చివరికి మంత్రి పదవి. ఆయన దర్బారును తవెర్నియే కళ్లకు కట్టినట్టు రాశాడు. కాళ్లకు ఏమీ లేకుండా కూర్చుని, చేతివేళ్ల సందుల్లో, కాలివేళ్ల సందుల్లో కూడా ఉత్తరాలు ఇరికించుకుని, ఒక్కొక్కటే తీసి గుమాస్తాలకు జవాబులు చెప్పేవాడట. ఈ ముక్క చెప్పగానే పిల్లలు చెప్పులు విడిచి కాలివేళ్ల మధ్య టికెట్లు పెట్టుకుని చూసుకుంటారు. ఏ ఏడైనా ఇంతే.

ఇంకో సంగతి కూడా వాళ్లకు చెబుతాను. మన పెద్దలు కొందరికి నచ్చలేదు, అయినా చెబుతాను. ఫిరంగులు పోయించడానికి మీర్ జుమ్లా చుట్టుపక్కల గుళ్లలోని రాగి విగ్రహాలను తెప్పించాడనీ, గండికోట గుడి విగ్రహాలు ఆరు మాత్రం ఎంతకీ కరగలేదనీ తవెర్నియే రాశాడు. బస్సులో ఓబులేసు కూడా ఉన్నాడు. ఆ మాట నా నోట వినడం, రేపు ఎవరో ఫోనులో పంపితే చదవడం కంటే మేలు. ఆ రోజు ఒక పిల్ల అడిగింది, "వాళ్లు చేస్తే మనం చేసినట్టా సార్?" అని. మీర్ జుమ్లా రాజ్యం కోసం చేశాడు, అదే మనిషి తరవాత గోల్కొండ సుల్తానును విడిచి మొగలుల పక్షం చేరాడు, ఆ సుల్తానూ ముస్లిమే అన్నాను. ఇద్దరూ ఆలోచించుకుంటూ బస్సెక్కారు.

గండికోటకు వజ్రాలెక్కడివని వేరే చెప్పక్కర్లేదు. బనగానపల్లె మన జిల్లాలోదే. ఇప్పటికీ తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వంగి వజ్రాలు వెతుకుతారు. ఆ పక్కనే ఎర్రగుడిలో అశోకుడి శాసనాలున్నాయి. అంటే ఈ దారులు ఇస్లాం రాకముందు వెయ్యేళ్ల నాటివి.

రాత్రి కడప. పెద్ద దర్గాకు ఏ.ఆర్. రహమాన్ వస్తారని పిల్లలకు ముందే తెలుసు గనక అక్కడ నా పాఠం ఎవరికీ అక్కర్లేదు. నేను వాళ్లకు చెప్పేది దేవుని కడప గురించి. ఉగాది నాడు ఆ వేంకటేశ్వరస్వామి గుడికి ముస్లిం కుటుంబాలు కూడా పోతాయి. బీబీ నాంచారమ్మను కట్టుకున్నాడు గనక స్వామి మనింటి అల్లుడని చెప్పుకుంటారు. కడప నుంచి వచ్చే పిల్లలకు ఇది వింత కాదు. ఆళ్లగడ్డ పిల్లలకు వింతే. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని కట్టుకుని చెంచుల అల్లుడు కావడం మాత్రం వాళ్లకు తెలుసు. ఒకదాని పక్కన ఒకటి పెడితే వాళ్లే కలుపుకుంటారు.

రెండో రోజు పులివెందుల, కదిరి దారిలో పెనుకొండ. దూరం ఎక్కువ, వాంతులు చేసుకునేవాళ్లుంటారు, నిమ్మకాయలు పెట్టుకుంటాం. 1565లో యుద్ధం ఓడిన తరవాత విజయనగర రాజులు రాజధానిని అక్కడికి మార్చుకున్నారు. ఆ రాజులకు ఖర్చు ఎక్కువైన సరుకు గుర్రాలు. అరేబియా నుంచి, ఇరాన్ నుంచి ఓడల్లో పడమటి రేవులకు వచ్చేవి. మన గడ్డ మీద మంచి గుర్రం పెరగదు, దాణా పడదు. అందుకని ఏటా కొనాల్సిందే. గుర్రంతో పాటు వర్తకుడు వస్తాడు, వర్తకుడి వెంట ఫకీరు వస్తాడు. ఇప్పుడు అదే పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కొరియావాళ్ల కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది, 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. సవారీకి పనికొచ్చేది పెనుకొండలో అప్పుడూ పరాయివాళ్ల చేతిదే, ఇప్పుడూ వాళ్ల చేతిదే అని మా డ్రైవరు అన్నాడు. నాకు ఆ మాట నచ్చి పాఠంలో కలుపుకున్నాను.

పెనుకొండ బాబయ్య, అంటే బాబా ఫక్రుద్దీన్. సీస్తాన్ నుంచి వచ్చాడంటారు. సీస్తాన్ ఇప్పటి ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్ సరిహద్దు నేల. అక్కడ రాజ్యం విడిచి దేశాలు తిరిగి తిరుచిరాపల్లిలో నతర్ వలి దగ్గర శిష్యుడయ్యాడనీ, ఆయన ఒక పంటిపుల్ల ఇచ్చి ఇది ఎక్కడ చిగురిస్తే అక్కడ ఉండిపొమ్మన్నాడనీ, అది పెనుకొండలో చిగురించిందనీ కథ. అజ్మీరు ఖాజాను సిజ్జీ అంటారు, అంటే ఆయనదీ సీస్తానే. మా క్లాసులో ఖాజా మొయినుద్దీన్, బాబాఫక్రుద్దీన్ పక్కపక్క బెంచీలు. ఇద్దరి పేర్లూ ఒకే సీమ నుంచి వచ్చాయని బోర్డు మీద పటం గీసి చూపించిన రోజున వాళ్లిద్దరూ ఇంటర్వెల్లులో ఆ పటాన్ని చెరపనివ్వలేదు.

ఇక్కడ నా సొంత మాట ఒకటి చెప్పుకోవాలి. మాది దూదేకుల కుటుంబం. ఇంట్లో తెలుగే. మా తాత దూది ఏకే విల్లు భుజాన వేసుకుని కుందూ ఒడ్డు పల్లెలన్నీ తిరిగేవాడు. మా ఇంట్లో బాబయ్య పేరు తరానికొకరికి ఉంది. చిన్నప్పుడు ఒక వైపు నుంచి "ఉర్దూ రాదు, మీరేం ముస్లింలు?" అనే మాట, ఇంకో వైపు నుంచి "మీరెక్కడినుంచి వచ్చారు?" అనే మాట వింటూ పెరిగాను. రెండు ప్రశ్నలకూ మా నాన్న దగ్గర జవాబు లేదు, నవ్వి ఊరుకునేవాడు. ఈనాటి పిల్లలు నవ్వి ఊరుకోవడం లేదు. ఊరుకోకపోతే ఏం చేస్తారో మనం చూస్తున్నాం. కొందరు ముడుచుకుంటారు, కొందరు ఫోనులో ఎవరి మాటలో విని మండిపడతారు. జవాబు చేతిలో ఉన్న పిల్లవాడు ఈ రెండూ చెయ్యడు. నా పేరు బాగ్దాద్‌ది, నేను ఆళ్లగడ్డవాణ్ని, దారి ఇట్లా వచ్చింది అని చెప్పగలుగుతాడు.

రెండో ఏడు నెల్లూరు వైపు పోయాం. కసుమూరు మస్తాన్ వలి దర్గా చూశాక అర్థమయింది మా పట్టీలో ఇంతమంది మస్తాన్లు ఎందుకున్నారో. హిందువుల్లో మస్తాన్ రెడ్డి, మస్తానయ్య, మస్తానమ్మ కూడా అక్కడివాళ్లే. నెల్లూరులో బారా షహీద్ దర్గా దగ్గర మొహర్రం నెలలో రొట్టెల పండుగ జరుగుతుంది. స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె. కోరిక ఉన్నవాళ్లు తీరినవాళ్ల దగ్గర రొట్టె తీసుకుంటారు. తమది తీరితే మరుసటి ఏడు వచ్చి ఇంకొకరికి ఇస్తారు. మేము పోయింది పండుగ రోజుల్లో కాదు, చెరువు గట్టు మీద కూర్చుని వినడమే. అయినా ఆడపిల్లలు అడిగింది ఒక్కటే. చదువు రొట్టె ఇచ్చేవాళ్లు ఎక్కువా, తీసుకునేవాళ్లు ఎక్కువా అని.

నాగూరుకు తీసుకుపోలేకపోయాం, దూరం. తమిళనాడు ఒడ్డున ఓడల వాళ్లు మొక్కే చోటు అది. అక్కడి మినార్లలో అన్నిటికంటే పొడుగైనది 131 అడుగులది, దాన్ని కట్టించింది తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింగు. ఓడల వెంట ఆ పేరు సింగపూరు దాకా పోయింది, అక్కడా నాగూర్ దర్గా కట్టుకున్నారు. మా నాగూర్ బీకి ఆ ఫోటో చూపిస్తే ఇంటికి తీసుకుపోతానని తీసుకుంది, ఇంకా తిరిగి ఇవ్వలేదు.

పోయినేడు ఇంటర్ చదువుతున్న ఆడపిల్లలను గుల్బర్గా, బీదరు తీసుకుపోయాం. గుల్బర్గాలో ఖాజా బందేనవాజ్ జియారత్. ఆయన 1422లో పోయారు. జనం ఎక్కువ, త్వరగా బయటపడ్డాం. బీదరులో మాత్రం ఒక పూట అనుకున్నది రోజంతా ఉండిపోయాం. ఆ సంగతి దాతలుగా మీకు చెప్పి తీరాలి.

మహమూద్ గవాన్ అనే ఆయనది కూడా గిలానే. జీలానీ పుట్టిన గిలాన్. 1453లో వర్తకుడిగా దాభోల్ రేవులో దిగి బీదరు చేరాడు. బహమనీ సుల్తానుల దగ్గర పెరిగి పెద్ద మంత్రి అయ్యాడు. 1472లో మదర్సా కట్టించాడు. మూడంతస్తులు, క్లాసు గదులు, విద్యార్థులు ఉండే గదులు, మసీదు, మూడు వేల రాతప్రతుల గ్రంథాలయం. ముందు గోడంతా నీలం, ఆకుపచ్చ పలకలు. సమర్ఖండ్‌లో, ఖురాసాన్‌లో ఎట్లా కడతారో అట్లాగే దక్కను నేల మీద కట్టించాడు. చదువుకునేవాళ్లకు తిండి, బస ఉచితం. అంత మంత్రి అయ్యాక కూడా సొంత తిండికి తన వ్యాపారం డబ్బే వాడుకునేవాడనీ, మట్టి కుండలో వండించుకుని చాప మీద పడుకునేవాడనీ చరిత్రకారుడు ఫిరిష్తా రాశాడు. 1481లో శత్రువులు దొంగ ఉత్తరం పుట్టించి ఆయన మీద పెడితే సుల్తాను తాగిన మత్తులో తల తీయించాడు. పదిహేడో శతాబ్దం చివర లోపల దాచిన మందుగుండు పేలి మదర్సా సగం కూలిపోయింది. ఇప్పుడు ఒక్క మినారు, కొంత గోడ, కొన్ని నీలి పలకలు మిగిలాయి.

మా పిల్లలు ఆ విద్యార్థుల గదుల్లోకి పోయి కొలత వేశారు. అడుగులతో, చున్నీలతో. మా హాస్టల్ గది కంటే ఇదే పెద్దది అన్నారు. ఒక పిల్ల గోడకు ఆనుకుని అడిగింది, "ఇక్కడ ఆడపిల్లలు చదివారా సార్?" లేదమ్మా అన్నాను. ఆ పిల్ల మాట్లాడలేదు. ఆ గదిలోంచి అందరికంటే చివర బయటికి వచ్చింది తనే.

వర్తకుడి డబ్బు చదువుల ఇల్లుగా మారింది అనడానికి ఇంతకంటే దగ్గర ఉదాహరణ నాకు కనపడదు. మన కర్నూలులోనే 1947లో డాక్టర్ అబ్దుల్ హక్ పూనుకుని ఉస్మానియా కాలేజీ పెట్టారు, ఇవాళ ఆయన పేరుతో ఉర్దూ విశ్వవిద్యాలయం కూడా ఉంది. అక్కడ చదివినవాళ్లు ఈ హాల్లో చేతులెత్తితే ఎంతమంది ఉంటారో నాకు తెలుసు.

ఇక అభ్యంతరాలకు వస్తాను. దర్గాలకు పిల్లలను తీసుకుపోవడం ఏమిటి, అది సరైన పద్ధతి కాదు అని కొందరు సోదరులు అన్నారు. వాళ్ల మాటను నేను గౌరవిస్తాను. మేము పెట్టుకున్న నియమం ఏమంటే, చూడటానికి పోతాం, అడగటానికి కాదు. ఫాతెహా చదువుకునేవాళ్లు చదువుకుంటారు, వద్దనుకున్నవాళ్లు బయట చెట్టు కింద కూర్చుంటారు, ఎవరినీ ఎవరూ ఏమీ అనరు. జొహర్ నమాజు వేళకు బస్సు ఆగుతుంది. ఒక తండ్రి తన కొడుకును పంపడానికి ఒప్పుకోక, చివరికి తానూ వెంట వచ్చాడు. గండికోట మసీదులో మిహ్రాబు ముందు నిలబడి ఎవరూ నమాజు చదవని మసీదు ఇంత పెద్దదా అని ఆశ్చర్యపోయాడు. దర్గాల దగ్గర బస్సు దిగలేదు. రెండూ ఆయన ఇష్టమే.

డబ్బు సంగతి. ఫీజు కట్టకపోతే పిల్లవాడు చదువు మానేస్తాడు, బస్సు లేకపోతే మానెయ్యడు. ఇది నిజం. అయితే మీకందరికీ తెలియని సంగతి ఒకటుంది. బస్సు బాడుగ ఏనాడూ జకాత్ డబ్బుతో కట్టలేదు, కట్టకూడదు కూడా. బస్సులో ఓబులేసు ఉంటాడు, కాస్త ఉన్నవాళ్ల పిల్లలూ ఉంటారు. అది జకాత్ పద్దు కాదు. మొదటి నుంచీ లిల్లాహ్ పద్దులోంచే పోతోంది. దాన్ని ఫీజుల్లో కలిపితే ఫీజుల నిధికి వచ్చేది కొంచెమే, యాత్ర మాత్రం పూర్తిగా ఆగిపోతుంది. లెక్కల పుస్తకం కోశాధికారి గారి దగ్గర ఉంది, చూసుకోవచ్చు.

పేర్ల సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక తల్లి వచ్చింది. కూతురి పేరు మదార్ బీ. "పాత కాలపు పేరు సార్, పిల్ల ఏడుస్తోంది, అందరూ నవ్వుతున్నారట. పదో తరగతి లిస్టు పోకముందే ఆయేషా అని మార్చండి" అంది. మార్చుకోవడం వాళ్ల హక్కు. ఆయేషా ఎంత మంచి పేరో నేను చెప్పాలా? కానీ ఆధార్‌లో ఒకటి, రేషన్ కార్డులో ఒకటి, బడిలో ఒకటి అయితే రేపు స్కాలర్‌షిప్పుకు, పాస్‌పోర్టుకు ఎంత తిరగాలో ఈ హాల్లో హజ్ దరఖాస్తు పెట్టిన పెద్దలను అడగండి. ఆమెకు ఆ తిప్పలు చెప్పాను. పిల్లకు మాత్రం వేరే సంగతి చెప్పాను. షా మదార్ సిరియాలోని అలెప్పోలో పుట్టాడంటారు. చైనా నుంచి బయలుదేరిన పట్టు వచ్చి చేరిన ఊళ్లలో అదొకటి. అక్కడినుంచి హిందుస్తాన్ వచ్చి కాన్పూరు దగ్గర మకన్‌పూర్‌లో స్థిరపడ్డాడు. ఆయన వెంట తిరిగిన ఫకీర్లు ఆ పేరును మన పల్లెల దాకా మోసుకొచ్చారు. మీ నాన్నమ్మకు ఆ పేరు ఎవరు పెట్టారో కనుక్కునిరా అన్నాను.

పదిరోజులకు ఆ పిల్ల రెండు పేజీలు రాసుకొచ్చింది. అప్పటినుంచి యాత్రకు వచ్చే ప్రతి పిల్లా ముందే ఒక నోటుబుక్కు రాయాలని నియమం పెట్టాం. నా పేరు ఎవరు పెట్టారు, ఎందుకు, ఆ ఊరు ఎక్కడ. చిత్రమైనవి వస్తాయి. హుసేనప్ప అనే హిందూ పిల్లవాడు వాళ్ల ఊరి పీర్ల చావిడి గుండంలో ముత్తాత నడిచాడని రాశాడు. వాడికి కర్బలా ఎక్కడుందో తెలియదు, 680లో ఏం జరిగిందో తెలియదు, పేరు మాత్రం నాలుగు తరాలుగా మోస్తున్నారు. ఒక పిల్ల రాసింది, తనకు ముందు ఇద్దరు పోతే బాబయ్యకు మొక్కుకుని పుడితే ఫక్రూబీ అని పెట్టారని. మహానంది అనే పిల్లవాడు ఒకటే వాక్యం రాశాడు. వాళ్లమ్మ ఆ కోనేటిలో మునిగి మొక్కుకుందట. మదార్ బీ పేరు మార్చుకుందా లేదా అని మీరు అడుగుతారు. ఇంట్లో ఆయేషా అంటారు, బడిలో మదార్ బీ, అంతే. తను ఇప్పుడు ఇంటర్. బీదరులో గోడకు ఆనుకుని ఆ ప్రశ్న అడిగింది తనే.

ఈ నోటుబుక్కులు ఇప్పటికి ఒక బీరువా అరనిండా ఉన్నాయి. చెదలు పట్టకుండా ఒక ఇనుప బీరువా ఎవరైనా ఇప్పిస్తే సంతోషం, కొత్తదే కానక్కర్లేదు.

చివరగా రెండు విన్నపాలు. మీలో ఏటా కొందరు ఉమ్రాతో పాటు బాగ్దాద్, కర్బలా, సమర్ఖండ్, బుఖారా కలిపి యాత్రలు చేసి వస్తున్నారు, అల్లా కబూలు చెయ్యాలి. పోయేముందు మా బస్సులో ఒక్క సీటుకు బాడుగ రాసిపోండి. తిరిగి వచ్చాక ఫోనులో ఉన్న ఫోటోలు తీసుకుని ఒక శనివారం మా బడికి రండి. నేను బాగ్దాద్ చూడలేదు, పిల్లలకు చెప్పేది పుస్తకంలో చదివిందే. మీరు ఆ వీధిలో నడిచి వచ్చారు. అక్కడ ఎండ ఎట్లా ఉంది, రొట్టె ఎట్లా ఉంది, దర్గా గుమ్మం దగ్గర చెప్పులు ఎవరు కాపలా కాస్తారు, ఇట్లాంటివి అడుగుతారు వాళ్లు. శనివారం మధ్యాహ్నం భోజనం తరవాత మొదటి పీరియడు నాదే. హెడ్‌మాస్టరు గారితో మాట్లాడి ఉంచాను. ఆళ్లగడ్డ బస్టాండులో దిగి ఫోను చేస్తే పిల్లలెవరైనా వచ్చి తీసుకువస్తారు.